మాను లేని మర్రి

బయల్దేరే ముందు రోజు రాత్రి, సామర్లకోటలో మా ఇంటి హాల్లో కూర్చుని కాన్వాసును చెక్క ఫ్రేము నుంచి ఊడదీశాను. రెండు మేకులు తుప్పు పట్టి రానంటే అమ్మ పటకారు తెచ్చిచ్చింది. రంగు వేసిన వైపు లోపలికి వచ్చేలా చాపలా చుట్టాను. రైల్లో ఎవరి పెట్టె రాసుకున్నా బొమ్మకు దెబ్బ తగలకూడదు కదా. దాని పైన పాత దుప్పటి, ఆ పైన ప్లాస్టిక్ పట్టా చుట్టి తాడుతో కట్టాను.

ఆ చుట్టలో ఉన్నది మారేడుమిల్లి అడవి. నూనె రంగుల్లో వేశాను. మధ్యలో పెద్ద నల్లమద్ది, దాని కింద నుంచి వంపు తిరిగిన బాట, చుట్టూ పచ్చదనం. చూసినవాళ్లంతా బాగుందన్నారు. నాకు మాత్రం ఆ బొమ్మలో ఊపిరాడేది కాదు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ పేరుకుపోయి, గాలి దూరే సందు లేనట్టు ఉండేది. రెండేళ్లు గడిచేసరికి మద్ది మాను మీద నెర్రెలు కూడా విచ్చాయి, వేసవిలో చెరువు అడుగు పగిలినట్టు.

ఆ పగుళ్ల ఫొటో తీసి కోల్‌కతాలోని దీదీకి పంపాను. కొన్నేళ్ల కిందట విశాఖపట్నంలో జరిగిన ఒక చిత్రకారుల శిబిరంలో ఆమెతో పరిచయమైంది. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్లకు పైగా అడవులనే వేస్తోంది. డువార్స్ అడవులు, ఝాడ్‌గ్రామ్ సాల వనాలు, పురూలియా కొండలు. "ఫొటో చూసి ఏం చెప్పను? బొమ్మ పట్టుకుని రా. నేనూ ఒకటి మొదలుపెడుతున్నాను. వారం రోజులుండి చూద్దువుగాని" అంది. తన పేరు ఎక్కడా రాయొద్దని మాట తీసుకుంది, కాబట్టి ఇక్కడ కూడా ఆమె దీదీయే.

రైలు రాజమండ్రిలో సాయంత్రం ఎక్కాలి. నేను పొద్దున్నే వెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో రెండు గంటలు గడిపాను. దూర ప్రయాణానికి ముందు కొందరు గుడికి వెళ్తారు, నాకు ఇదే గుడి. 1897లో పుట్టి, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా 1925లో మశూచితో పోయాడాయన. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ చేతిలోని పనితనాన్ని పసిగట్టి వెన్నుతట్టకపోతే బొంబాయి జె.జె. స్కూలు దాకా వెళ్లేవాడు కాదేమో. 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి తెచ్చుకున్న ఆయన చిత్రం ఋష్యశృంగుడిది. అడవి తప్ప మరేమీ తెలియని కుర్రవాడి కథ. గోదావరి కొండల దృశ్యాల ముందు నిలబడి, ఈయన ఇంకో ముప్పై ఏళ్లు బతికి ఉంటే మన అడవులకు నూనె రంగుల్లో ఒక సొంత దారి ఏర్పడేది కదా అనుకున్నాను. ఎప్పుడు వెళ్లినా అదే దిగులు.

నేనెక్కిన బండి కోరమండల్ ఎక్స్‌ప్రెస్. ఆ పేరు వింటే అందరికీ రైలు గుర్తొస్తుంది, మా ఊరిదాన్ని కాబట్టి నాకు పుస్తకం గుర్తొస్తుంది. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1780లలో సామర్లకోటలో ఉండి, మిరియాల తోట పెంచి, చుట్టుపక్కల మొక్కలన్నిటినీ ఇక్కడి చిత్రకారుల చేత వేయించాడు. వాటిలో ఎంపిక చేసిన 300 బొమ్మలు మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 వరకు లండన్‌లో అచ్చయ్యాయి. కోరమండల్ తీరపు మొక్కలని ఆ పుస్తకం పేరు. అందులో మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసి ఉంటాయి. మోదుగ బొమ్మ ఉంది. ఆ బొమ్మలు వేసిన మనవాళ్ల పేర్లు మాత్రం లేవు. ఆకు మీది ఈనెను కూడా వదలకుండా చూసిన కళ్లవి, ఒక్క పేరైనా వేసి ఉండాల్సింది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లి, హుగ్లీ నది ఒడ్డున కంపెనీ వారి వృక్షోద్యానానికి అధికారి అయ్యాడు. ఇప్పుడు కోరమండల్ హౌరాకు పోకుండా షాలిమార్‌లో ఆగుతుంది. షాలిమార్ నుంచి ఆ తోట ఎంతో దూరం లేదు. బండి మా ఊరు దాటుతున్నప్పుడు కిటికీలో దీపాలు చూస్తూ ఈ సంగతే అనుకున్నాను. రెండు వందల ముప్పై ఏళ్ల తర్వాత నేనూ ఇక్కడి నుంచి అక్కడికే, చంకలో చెట్టు బొమ్మతో.

తెల్లవారి ఖరగ్‌పూర్‌లో "అమ్మా, జరుగమ్మా, సామాను దింపాలి" అని తెలుగు వినబడింది. రైల్వే పనులకు తరాల కిందట వచ్చి స్థిరపడిన మనవాళ్ల ఊరది. అక్కడి నుంచి షాలిమార్ దాకా రెండు వైపులా కుంటలు, అరటి చెట్లు, పెంకుటిళ్లు. కోనసీమను కాస్త బూడిద రంగులో ముంచి తీసినట్టుంది.

దీదీ ఉండేది భవానీపూర్‌లో, పాత మేడ రెండో అంతస్తులో. ఉత్తరం వైపు చెక్క రెక్కల కిటికీలు. గదిలోకి అడుగుపెట్టగానే అవిసె నూనె వాసన, దాని వెనకే టర్పెంటైన్ ఘాటు. నా చుట్ట చూడగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"రంగు లోపలికి పెట్టావా?"

"అవును దీదీ, దెబ్బ తగలకుండా..."

"ఆస్తే, ఆస్తే" అంటూ తనే బల్ల మీద అంగుళం అంగుళం విప్పింది. అయినా రెండు చోట్ల పెళ్లలు లేచిపోయాయి. రంగు వైపు ఎప్పుడూ బయటికే ఉండాలట. లోపలికి చుడితే పొర నొక్కుకుపోయి ముడతపడుతుంది, మళ్లీ విప్పేటప్పుడు చిట్లుతుంది. బయటికి ఉంటే కాస్త సాగుతుంది, సాగడాన్ని నూనె రంగు ఓర్చుకుంటుంది. ఇన్నేళ్లుగా బొమ్మలు వేస్తూ ఇది నాకు తెలియలేదు.

తర్వాత నెర్రెల మీద బొటనవేలు పెట్టి మెల్లగా నడిపింది. "మాను ముందు చిక్కగా వేశావు. అది లోపల ఆరకముందే టర్పెంటైన్ కలిపిన పల్చటి నీడ దాని మీద వేశావు. అవునా?"

అచ్చంగా అదే చేశాను. నూనె రంగు నీళ్ల రంగులా తడి ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకు పల్చటి పొరకు రోజులు పడితే చిక్కటి పొరకు నెలలు పడుతుంది. కింద నూనె ఎక్కువున్న పొర ఇంకా కదులుతూనే ఉంటుంది, పైన పల్చటిది ముందే బిగుసుకుపోతుంది. కిందిది కదిలినప్పుడల్లా పైది పగలక తప్పదు. తడి ఆరని గోడకు సున్నం కొట్టినట్టే. కింద పల్చన, పైన చిక్కన. ఇది నేను చదివినదే, పిల్లలకు చెప్పినదే. ఆ రోజు మారేడుమిల్లిలో వెలుగు పోతోందని తొందరపడ్డాను.

పగుళ్ల సంగతి అక్కడితో ముగిసింది. దీదీ బొమ్మను గోడకు ఆనించి దూరంగా వెళ్లి చూసింది. "ఈ చెట్టు వెనక ఏముంది?"

"ఇంకా చెట్లు."

"ఏ చెట్లు? ఏ రంగులో ఉన్నాయి?"

నేను చెప్పలేకపోయాను. వెదురు ఉందని తెలుసు, టేకు ఉందని తెలుసు. కానీ ఆ సాయంత్రం వాటిని నేను చూడలేదు. మద్దిని చూశాను, మిగతాదంతా పచ్చగా నింపేశాను.

మర్నాడు ఆమె తన బొమ్మ మొదలుపెట్టింది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కాన్వాసు. పక్కన స్టూలు మీద అరచేతి కన్నా కాస్త పెద్దవైన అట్టముక్కలు ఆరేడు పేర్చి ఉన్నాయి. అంతకు ముందు వారం పురూలియాలో అయోధ్య కొండల దగ్గర కూర్చుని వేసుకొచ్చిన చిన్న నూనె రంగు అధ్యయనాలు. ఫాల్గుణం మొదట్లో అక్కడ పలాశం విరగబూస్తుంది. పలాశమంటే మన మోదుగే. ఒక్కో అట్ట మీద ముప్పావుగంట పని, అంతకు మించి కాదు. ఫొటోలు మాత్రం గదిలో ఒక్కటీ లేవు. ఫొటోలో నీడలన్నీ నల్లబడిపోతాయని, అడవిలో నీడ ఎప్పుడూ నల్లగా ఉండదని ఆమె వాదన.

ఆకుపచ్చ ట్యూబు తీస్తుందనుకున్నాను. ఆమె బర్న్ట్ సియన్నా తీసింది. దాన్ని టర్పెంటైన్‌లో కరిగించి, పాత చీర ముక్కతో కాన్వాసంతా రుద్దింది. పండక్కి అరుగు గోడకు ఎర్రమట్టి పూసినట్టుంది. పావుగంటలో తెల్లటి బట్ట జేగురు రంగు గోడ అయిపోయింది.

"అడవికి ఎరుపా?" అన్నాను.

"ఈ ఎరుపు మీద ఆకుపచ్చ వేస్తావు కదా. ఎంత పూసినా ఎక్కడో ఒకచోట సందులో ఎరుపు మిగులుతుంది. ఆ మిగిలినదాని వల్లే ఆకుపచ్చ కదులుతున్నట్టు కనిపిస్తుంది. తెల్లబట్ట మీద వేస్తే సందుల్లో తెలుపు మిగులుతుంది. అది చిల్లు."

ఆ పొర అంటుకోకుండా అయ్యాక, మధ్యాహ్నం నుంచి నీడలు. గుమ్మాలకు రంగు వేసేంత వెడల్పు కుంచె పట్టుకుంది. నలుపు ట్యూబు ఆ ఇంట్లోనే లేదు. అల్ట్రామెరైన్ నీలంలో అదే బర్న్ట్ సియన్నా కలిపితే నలుపు లాంటిది వస్తుంది. నీలం పాలు పెంచితే చల్లటి నీడ, ఎరుపు పాలు పెంచితే వెచ్చటి నీడ. కళ్లు చికిలించి అట్టముక్క వైపు చూడడం, కాన్వాసు మీద ఒక పెద్ద మచ్చ పెట్టడం, వెనక్కి పది అడుగులు నడవడం, మళ్లీ రావడం. కళ్లు చికిలిస్తే ఆకులు మాయమై ఎక్కడ చీకటో ఎక్కడ వెలుగో మాత్రమే మిగులుతుంది. వెలుగు కావాల్సిన చోట గుడ్డతో తుడిచేసింది, కింది ఎరుపు బయటపడింది. పొద్దు గూకేసరికి కాన్వాసు మీద ఒక్క చెట్టు కూడా లేదు. కానీ లోపలికి నడిచి వెళ్లొచ్చు. నా బొమ్మలో అన్ని చెట్లున్నా లోపలికి దారి లేదు.

మూడో రోజు ఆ పొరను ఆరనిచ్చి ఇద్దరం తోటకు బయల్దేరాం. "బి గార్డెన్, బి గార్డెన్" అని కండక్టరు కేక. ఆచార్య జగదీశ్ చంద్రబోస్ వృక్షోద్యానం అన్న పూర్తి పేరు బోర్డు మీద మాత్రమే ఉంటుంది. కర్నల్ రాబర్ట్ కిడ్ 1787లో మొదలుపెట్టిన తోట, 273 ఎకరాలు. నది వైపు రాక్స్‌బర్గ్ ఇల్లు ఉంది. నేను ఆ ఇంటి వైపు చూస్తూ ఆగిపోయాను. సామర్లకోటలో వేసిన బొమ్మల తర్వాత ఇక్కడ కూడా పనిచేయించి, మొత్తం రెండున్నర వేలకు పైగా మొక్కల చిత్రాలు పోగు చేయించాడాయన. ఒక్కో కాగితం మీద ఒక్కో మొక్క. ఆకు, పువ్వు, కాయ, గింజ, అన్నీ విడివిడిగా, చుట్టూ తెల్లటి ఖాళీ. లోకంలో ఇంకేమీ లేనట్టు ఒక్క మొక్కనే చూసే చూపు అది.

"అంత ఓపికగా చూసే కళ్లు నాకు లేవు" అంది దీదీ. "కానీ నువ్వు అడవిని కూడా ఆ చూపుతోనే చూస్తున్నావు. పద, చూపిస్తాను."

పెద్ద మర్రి దగ్గరికి తీసుకెళ్లింది. దూరం నుంచి అది చెట్టులా లేదు, చిన్నపాటి తోపులా ఉంది. వయసు 250 ఏళ్లు దాటింది. ఊడలు వేలల్లో ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో చెట్టు మానులా నిటారుగా నిలబడ్డాయి. చుట్టూ తిరిగి రావడానికి వేసిన బాట మీద చాలాసేపు నడిచాం. ఈ మర్రికి మొదలు మాను లేదు. బూజు తెగులు సోకి కుళ్లడంతో 1925లో దాన్ని కోసి తీసేశారు. రామారావు పోయిన ఏడాదే. నూరేళ్లుగా ఆ చెట్టు ఊడల మీదే నిలబడి ఉంది, ఇంకా పక్కకు పాకుతూనే ఉంది. 2020 మేలో ఆంఫన్ తుపాను తోటలో ఎన్నో చెట్లను పడగొట్టింది, ఈ మర్రి ఊడలను కూడా కొన్నిటిని విరిచింది. ఆ మాట చెప్పేటప్పుడు దీదీ గొంతు మారింది.

స్కెచ్ పుస్తకం తీసి, "వెయ్యి, ఎక్కడ మొదలుపెడతావో చూస్తాను" అంది.

పెన్సిల్ పెట్టడానికి చోటు దొరకలేదు. ఏ ఊడ దగ్గర మొదలుపెట్టినా పక్కదానికి దానికన్నా తక్కువ హక్కేమీ లేదు. నా చెయ్యి అలవాటుగా మధ్యలో ఒక లావాటి మాను కోసం వెతుకుతోంది, అక్కడ అది లేదు. పావుగంట తర్వాత మానులను వదిలేసి వాటి మధ్య నుంచి వస్తున్న వెలుగు పట్టీలను గీయడం మొదలుపెట్టాను. సన్నటివి, వెడల్పువి, కింద ఎండుటాకుల మీద పడి విరిగినవి. అవి కుదరగానే ఊడలు వాటంతటవే నిలబడ్డాయి. నేను ఇన్నాళ్లూ వేసిన ప్రతి అడవి బొమ్మలోనూ సినిమా హీరోలా ఒక చెట్టును ముందు నిలబెట్టి, తక్కినవాటిని గుంపులోకి తోసేశానని అక్కడ, ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. మారేడుమిల్లి అలా ఉండదు. అక్కడ మద్ది పక్కన వెదురు పొద ఉంటుంది, దాని మీద ఏదో తీగ ఉంటుంది, ఆ తీగ సందులోంచి ఎదుటి కొండ నీలంగా కనిపిస్తుంది. కంటికి ఆగే చోటు ఉండదు.

అక్కడే ఆమె నాకు ఇంకో పరీక్ష పెట్టింది. వరసగా పది ఊడలు చూపించి ఒక్కోదాని రంగు పేరు చెప్పమంది. మీ భాషలోనే చెప్పు అంది. గచ్చకాయ రంగు, ఊదా, పాలపిట్ట నీలం, ఎండు తాటాకు రంగు, విభూది రంగు. ఆరో దాని దగ్గరికి వచ్చేసరికి అన్నీ వేరేనని తేలింది. దూరం నుంచి చూస్తే అన్నీ బూడిద రంగే. ఆకుల దగ్గరికి వచ్చాక చిలకాకుపచ్చ అన్నాను. వాళ్లకు కూడా అదే పేరట, 'టియా షొబుజ్', చిలక పచ్చ. లేత ఆకుపచ్చకు వాళ్ల మాట 'కొచి కొలాపాతా', లేత అరటాకు రంగు. నాచు రంగుకు 'షావ్లా'. దీదీ ఈ పేర్లతోనే రంగులు కలుపుతుంది. ట్యూబు మీద ఉన్న ఇంగ్లీషు పేరు ఒక్క రంగుదే, అరటాకు మాత్రం అరటాకే, దాంట్లో ఎండ కూడా కలిసి ఉంటుంది అంటుంది. బచ్చలిపండు రంగు అని నేనంటే దాన్ని రెండుసార్లు నోట్లో తిప్పుకుంది. ఆ రంగు ఆమె బొమ్మలోని నీడల్లో ఉంది, పేరు మాత్రం అంతవరకూ లేదు.

నాలుగో రోజు ఆకుపచ్చలు. పాలెట్ మీద నిమ్మపండు పసుపు, కాడ్మియం పసుపు, ఓకర్, రెండు నీలాలు పెట్టుకుని కత్తితో కలిపింది. ఒక్కో కుప్పలో ఆవగింజంత ఎరుపు తప్పకుండా పడాలి. ఎరుపు పడగానే ఆకుపచ్చలోని పచ్చి వాసన పోతుంది, ఆకు ముదురుతుంది. నాకూ ఒక చిన్న అట్ట ఇచ్చి, ఎర్రటి పూత పూయించి వేసుకోమంది. నేను ఉత్సాహంగా తడి నీడల మీదే చిక్కటి పచ్చలు పెట్టుకుంటూ పోయాను. గంటలో అంతా కలిసిపోయి బురద అయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్ల కిందటి తొందర ఇంకా నా చేతిలోనే ఉంది.

దీదీ ఏమీ అనలేదు. కత్తి తీసుకుని పై నుంచి కింద దాకా ఒక్కొక్క గీతగా గీకేసింది. గీకిన రంగంతా కాగితం మీద తుడిచేసింది. అట్ట మీద పల్చటి మరక మాత్రం మిగిలింది. కింది ఎరుపు, దాని మీద చీకటి జాడ, దాని మీద తీసేసిన ఆకుపచ్చ తాలూకు పొగ. పొద్దున్నే మంచులో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు అలాగే ఉంటుంది. "దీన్ని ముట్టుకోకు. ఆరాక ఇంటికి తీసుకెళ్లు" అంది.

మధ్యాహ్నం అన్నం తింటూ తన చదువు రోజుల గురించి చెప్పింది. చౌరంఘీలో మ్యూజియం పక్కనున్న ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ 1854 నాటిది. 1896లో వచ్చిన ప్రిన్సిపాల్ హేవెల్, గ్యాలరీలోని యూరప్ చిత్రాలను తీయించి, మన చిత్రకళనే నేర్పాలని పట్టుబట్టాడు. విద్యార్థులే తిరగబడ్డారు. చార్లెస్ పామర్ దగ్గర నూనె రంగులు నేర్చుకున్న అవనీంద్రనాథ్ ఠాగూర్ కూడా వాటిని వదిలి నీళ్ల రంగుల పొరల వైపు వెళ్లిపోయాడు. ఆ ధోరణే ప్రమోద్‌కుమార్ ఛటోపాధ్యాయతో మన బందరు జాతీయ కళాశాలకు వచ్చి, అడివి బాపిరాజుగారి కుంచెలోకి చేరింది. నూనె రంగు పరాయిది అన్న మాట చాలాకాలం నడిచింది. దీదీకి ఆ మాటంటే ఒప్పుదల లేదు, నాకూ లేదు. అవిసె మన చేలలో పండేదే, ఎర్రమట్టి మన కాళ్ల కిందిదే. ఆమెకు ప్రాణమైన చిత్రకారుడు గోపాల్ ఘోష్. చెట్లనూ పొలాలనూ అంత ధైర్యమైన రంగుల్లో వేసినవాడు. 1943లో ఏర్పడ్డ కలకత్తా గ్రూపులో ఒకడు. "ఆయన నేర్చుకోవడానికి మీ వైపే వచ్చాడు, మద్రాసుకు, దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గరికి" అంది. మన చిత్రకారులు ఎందరికో గురువైన దేవీప్రసాద్‌ది బెంగాలే. ఈ రాకపోకల దారిలోనే నేనూ ఉన్నానని సంతోషం వేసింది.

ఐదో రోజు పొద్దున విక్టోరియా మెమోరియల్‌కు ఒక్కదాన్నే వెళ్లాను. థామస్, విలియం డేనియల్ అనే బాబాయి అబ్బాయిలు 1786లో కలకత్తాలో దిగి ఏళ్ల తరబడి దేశం తిరిగి వేసిన చిత్రాలు ఇక్కడ ఉన్నంతగా ఇంకెక్కడా లేవు. గొప్ప పనితనం. కానీ వాటిలో చెట్టు ఎక్కువగా ఒక పక్కన తెరలా నిలబడి మనకు గుడినో నదినో చూపిస్తుంది. అది చూడదగినది అవ్వదు, చూపించేది అవుతుంది. ఆ చెట్ల కింద చాలాసేపు నిలబడలేకపోయాను. వెనక్కి వచ్చేశాను, మధ్యాహ్నం మోదుగ పూలు పెట్టే సమయానికి ఉండాలి.

ఇంత కాన్వాసు మీద పూలంటే ఎర్ర రంగు గుప్పిస్తుందనుకున్నాను. మూడు గంటల సేపు ఆమె పూలు తప్ప అన్నీ వేసింది. పువ్వు రావలసిన చోటు చుట్టూ నీలం కలిసిన బూడిద పచ్చ, దాని పక్కన ఊదా నీడ, ఎండిన గడ్డి రంగు. బొమ్మ మొత్తం సద్దుమణిగిపోయింది. అప్పుడు చిన్న కుంచె తీసి కాడ్మియం నారింజ కొసన తీసుకుని, కలపకుండా, రుద్దకుండా, ఒకే ఒక్క ఒత్తు. కుంచె ఎత్తగానే రంగు చివర కొద్దిగా పైకి లేచి, మోదుగ పువ్వు ముక్కులా వంగింది. గది వెలిగింది. అలాంటి ఒత్తులు లెక్కపెట్టాను, ఇరవై రెండు. ఇంకొకటి పెట్టబోయి ఆగి కుంచె తుడిచేసింది.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది మాత్రం ఆకాశం. కొమ్మల సందుల్లోంచి కనిపించే ఆకాశపు ముక్కలను ఆమె చివర్లో వేస్తుంది. పైన విశాలంగా ఉన్న ఆకాశానికి కలిపిన రంగునే తీసుకుని, దానిలో కొంచెం నీలం, కొంచెం బూడిద కలిపి తగ్గించింది. ఎందుకని అడిగితే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎదురుగా ఉన్న వేప చెట్టు చూపించింది. నిజమే. ఆకుల మధ్య చిన్న సందులోంచి కనిపించే ఆకాశం, బయటి ఆకాశమంత తెల్లగా లేదు. చుట్టూ ఉన్న ఆకుల అంచులు దాని వెలుగును కొంత మింగేస్తున్నాయి. సందు ఎంత చిన్నదైతే అంత మందంగా ఉంది. నా మారేడుమిల్లిలో సందులన్నీ తెల్లటి చుక్కలు, చెట్టు మీద బియ్యం చల్లినట్టు. ఆమె ఒక్కో ముక్కను పెట్టి, అంచులను వేలితో అద్దుతూ పోయింది. ఒక సందులో రంగు పెట్టాక ఒక కొమ్మ పుట్టింది. ఆ కొమ్మను ఆమె వేయలేదు, రెండు ఆకాశపు ముక్కల మధ్య మిగిలిన చీకటే అది.

నేను బయల్దేరే రోజుకు ఆమె బొమ్మ పూర్తి కాలేదు. ఇంకో నెల పడుతుంది అంది. చిక్కటి పొరలు రెండున్నాయి, ఒక్కోదానికీ మధ్య ఆగాలి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ ఆగాలి, ఈ ఊరి తేమ అలాంటిది.

చివరి సాయంత్రం ధర్మతల్లాలో జి.సి. లాహా దుకాణానికి వెళ్లాను. బర్న్ట్ సియన్నా రెండు పెద్ద ట్యూబులు, అల్ట్రామెరైన్ ఒకటి, పంది వెంట్రుకల కుంచెలు మూడు. ఆకుపచ్చ ట్యూబు కొనలేదు. టర్పెంటైన్ రైల్లో తీసుకెళ్లకూడదు కాబట్టి అది కాకినాడలో కొనుక్కోవాలి. బయట రోడ్డు మీద మట్టి కప్పులో టీ తాగి, ఆ కప్పును పారేయకుండా సంచిలో పెట్టుకున్నాను. దాని రంగు మీద మనసుపడ్డాను.

మారేడుమిల్లి కాన్వాసును దీదీయే చుట్టి ఇచ్చింది. లావాటి అట్ట గొట్టం మీద, రంగు బయటికి ఉండేలా, మధ్యలో నూనె కాగితం పెట్టి. గీకేసిన అట్టను రెండు రేకుల మధ్య పెట్టి కట్టింది. షాలిమార్ దాకా రాలేనని, మెట్ల దగ్గరే నిలబడి, "పొగ బొమ్మ ఆరిందో లేదో ఫోన్ చెయ్యి, బోన్" అంది. బోన్ అంటే చెల్లి.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు కొత్త కాన్వాసు బిగించి, పెరటి వరండాలో ఎర్రగా పూత పూశాను. పాత పంచె ముక్కతో, మూల నుంచి మూలకు. అమ్మ తులసికోటలో నీళ్లు పోసి వచ్చి చూసింది.

"అడవి అన్నావు, ఎర్రగా అలికావేంటే? పచ్చ ఎప్పుడు వేస్తావు?"

"ఇది ఆరాలమ్మా. తర్వాత నీడలు వేస్తాను. అవీ ఆరాక."

అమ్మ వేలి కొసతో కాన్వాసు అంచున తాకింది. వేలికి కొంచెం ఎరుపు అంటింది. చీర కొంగుకు తుడుచుకోకుండా అలాగే వెలుగులోకి పెట్టుకుని చూసింది.